అరవై లీటర్ల సముద్రం

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా అంత పొడవు తీరం ఉండి కూడా ఆంధ్రకు చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో అవి పెరిగేది కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖలో, పాక్ అఖాతంలో, లక్షద్వీపాల్లో, అండమాన్ నికోబార్ దీవుల్లో. మన దగ్గర లేకపోవడానికి పెద్ద కారణం మన నదులే. గోదావరి, కృష్ణ వానాకాలంలో బురదనీళ్ళు మోసుకొచ్చి సముద్రంలో కుమ్మరిస్తాయి. పైనుంచి గంగా బ్రహ్మపుత్రల మంచినీరు కూడా వానలు వెనకబట్టాక తీరం పట్టుకుని దక్షిణానికి దిగుతుంది. ఆ రోజుల్లో విశాఖ దగ్గర పైపై నీళ్ళలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది, పగడం మీద పేరుకుని ఊపిరాడనివ్వదు. ఉప్పులో హెచ్చుతగ్గులను దాని ఒళ్ళు తట్టుకోలేదు.

మరి బంగాళాఖాతం మన తీరాన పెంచలేని దాన్ని హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు హాలులో, 60 లీటర్ల గాజు తొట్టిలో నిలబెట్టగలమా? నిలబెట్టగలం. దిబ్బ మీద బతికే జీవులకు లోతుతో, వైశాల్యంతో పెద్ద పని లేదు. వాటికి కావలసింది నిలకడ. ఉప్పు, వేడి, వెలుతురు, నీటి శుభ్రత ఈరోజు ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉండాలి. సముద్రంలో ఆ పని అంతులేని నీరే చేసిపెడుతుంది. తొట్టిలో మనం చేయాలి. ఏం చేయాలో, ఎందుకు చేయాలో తెలుసుకోకుండా ముందు చేపలు కొని తేవడం వాటి ప్రాణం తీయడమే.

పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. 1720లలో పేసొన్నెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ మాట చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. చిన్న సంచిలాంటి ఒళ్ళు, దాని నోటి చుట్టూ వేళ్ళలాంటి టెంటకిల్స్, ఆ ఒంట్లో కాపురం ఉండే ఏకకణ శైవలాలు. శైవలం ఎండలో చక్కెర వండుతుంది, అందులో అధిక భాగం పగడానికే ఇస్తుంది. పగడం వదిలే అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ శైవలానికి ఆహారం. పోషకాలు దాదాపు లేని తేట సముద్రంలో అంత జీవం కిటకిటలాడడానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడమే మూలం. ఇది చాలా సున్నితమైన ఒప్పందం కూడా. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం శైవలాన్ని బయటకు నెట్టేసి తెల్లబడుతుంది. ప్రపంచమంతటా దిబ్బలు ఇలా తెల్లబడడం ఇది నాలుగోసారి అని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ వేసవిలో మన లక్షద్వీపాల దిబ్బలూ తీవ్రంగా దెబ్బతిన్నాయి.

అందుకే తొట్టిలో ఏం పెట్టాలన్న దానికంటే ఏం పెట్టకూడదన్నది ముందు చెప్పాలి. దిబ్బను కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నల్ల పగడాలు, విసనకర్రల్లా విచ్చుకునే గోర్గోనియన్లు, సముద్రపు గుర్రాలు కూడా అందులోనివే. పులిని కాపాడే షెడ్యూలే వీటినీ కాపాడుతుంది. బిల్లు లేకుండా వాట్సాప్‌లో బేరం కుదిరే పగడపు ముక్క ఎక్కడో ఒక దిబ్బ నుంచి విరిచి తెచ్చిందయి ఉండే ప్రమాదం ఎక్కువ. లైవ్ రాక్ అని అమ్మే రాయి కూడా చాలాసార్లు పాత దిబ్బ ముక్కే. మెత్తని పగడాల విషయంలోనూ ఎక్కడి నుంచి వచ్చాయో కాగితం చూపించమనండి, చూపించలేకపోతే వదిలేయండి. నా మట్టుకు మన దేశంలో ఇంటి తొట్టి అంటే మనుషులు తయారుచేసిన రాళ్ళు, హేచరీలో పుట్టిన చేపలు, కొన్ని నత్తలు, శైవలాలు. దిబ్బ ఎలా పనిచేస్తుందో అంతా అందులో కనిపిస్తుంది, దిబ్బకు నష్టం ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు తొట్లలోనే పెంచి ముక్కలు చేసి అమ్మే పగడాలు చట్టబద్ధంగా దొరుకుతాయి కాబట్టి వాళ్ళ దారి కొంత వేరు.

ఇంట్లో సముద్రజీవులను పెంచడం కొత్త వేడుక కాదు. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లండు మహిళ టోర్కీ తీరం నుంచి చిన్న పగడాలను లండన్‌కు తెచ్చుకుంది. సముద్రపు నీళ్ళు అయిపోయినప్పుడు ఉన్న నీళ్ళనే తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంటకు పైగా తిరగబోయించేది. గాలి కలిస్తే నీరు బతుకుతుందని ఆమె కనిపెట్టింది. తర్వాత సముద్రపు నాచు కూడా చేర్చింది. పంపు లేదు, కరెంటు లేదు. అంతకు ముందు, 1828లో సర్ జాన్ డాలియెల్ స్కాట్లండు తీరంలో ఒక సముద్రపు ఎనిమోన్‌ను పట్టి గాజు సీసాలో పెట్టాడు. ఆయన పోయాక అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది. ఎడిన్‌బరోలో దాన్ని గ్రానీ అని పిలిచేవారు. 59 ఏళ్ళ పాటు దానికి జరిగిన సేవ ప్రధానంగా ఒక్కటే: క్రమం తప్పకుండా నీళ్ళు మార్చడం. ఇవాళ దుకాణాల్లో కనిపించే యంత్రాల వరుస చూసి బెదిరిపోయేవాళ్ళకు నేను గ్రానీ సంగతే చెబుతాను.

తొట్టి విషయానికి వద్దాం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు అయితే 60 లీటర్ల పైచిలుకు పడుతుంది. నీళ్ళు, రాళ్ళు, గాజు కలిపితే బరువు 80 కిలోలు దాటుతుంది, ప్లైవుడ్ టీవీ స్టాండు దానికి చాలదు. కిటికీ ఎండ పడని గోడ పక్కన, మట్టం సరిగ్గా ఉన్న గట్టి బల్ల మీద పెట్టాలి. ఇంతకంటే చిన్నది తేలికని చాలామంది అనుకుంటారు. కొనడం వరకే తేలిక. నీరు ఎంత తక్కువుంటే వేడి, ఉప్పు, మలినం అంత త్వరగా మారతాయి.

ఉప్పు దగ్గర కాస్త ఆగాలి. వంటింటి ఉప్పు సముద్రపు ఉప్పు కాదు. అది దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడు, పైన అయోడిన్. కిలో సముద్రపు నీటిలో ఉండే సుమారు 35 గ్రాముల లవణాల్లో క్లోరైడు 19 గ్రాములు, సోడియం 11 గ్రాములకు కాస్త తక్కువ, సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు. చాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి నీళ్ళు పట్టుకొస్తే, విలియం డిట్మార్ వాటిలో 77 నమూనాలను పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఉప్పదనం చోటును బట్టి మారినా, లవణాలు ఒకదానికొకటి ఏ పాళ్ళలో ఉంటాయన్నది ఎక్కడా దాదాపు మారదని తేలింది. ఆ పాళ్ళు తెలిశాయి కాబట్టే ఇవాళ డబ్బాలో అమ్మే అక్వేరియం ఉప్పును నీళ్ళలో కలిపితే సముద్రపు నీరు తయారవుతుంది. విశాఖ బీచిలో డబ్బాలతో నీళ్ళు పట్టుకురావడం చవకగా కనిపిస్తుంది. నగరపు మురుగు, ఓడరేవు నూనె, సీజనును బట్టి మారే ఉప్పు అన్నీ ఆ డబ్బాతోనే వస్తాయి. అక్కడి ఇసుకా వద్దు. మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. కాల్షియం కార్బొనేట్‌తో చేసిన అరగొనైట్ ఇసుక కొనుక్కోండి.

ఇక ఉప్పు కలపాల్సిన మంచినీళ్ళు. బోరు నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా ఏది ఎంతుందో చెప్పలేం. అవన్నీ నాచుకు ఎరువులే. వంటింటి ఆర్‌ఓ మిషన్ నీళ్ళు సరిపోతాయా అని అందరూ అడుగుతారు. తాగడానికి రుచి ఉండాలని చాలా మిషన్లలో మామూలు నీళ్ళు కొంచెం కలిసే ఏర్పాటు ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూస్తే 60, 80 చూపిస్తుంది. మనకు కావలసింది సున్నా. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే ఆ మిగిలిన లవణాలూ పోతాయి. రాగి బిందె, ఇత్తడి చెంబు ఈ నీళ్ళ దరిదాపులకు రానివ్వకండి. చేపలు తట్టుకునే రాగి మోతాదు కూడా నత్తలను, రొయ్యలను చంపేస్తుంది.

ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, చిన్న పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం కార్బొనేట్ గడ్డకట్టి నీరు పాలలా తెల్లబడుతుంది. అది మళ్ళీ కరగదు. ఒక రోజు తిరగనిచ్చి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూడండి. నీలం, తెలుపు కలిసే గీత 35 దగ్గర ఉండాలి.

తొట్టిలో పోశాక మొదలయ్యే అసలు పని ఆవిరి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. నౌపడ ఉప్పుమళ్ళలో జరిగేదే మీ హాలులో, కాకపోతే నెమ్మదిగా. రాళ్ళు, ఇసుక పోగా తొట్టిలో 50 లీటర్లున్నాయనుకోండి. రోజుకు లీటరు పోతే ఐదు రోజులకు 45 లీటర్లు మిగులుతాయి. లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు దగ్గరదగ్గర 39కి చేరుతుంది. తగ్గిన నీటిని ఉప్పునీళ్ళతో నింపుతూ పోతే ఉప్పు రోజురోజుకూ పెరుగుతూనే పోతుంది. ఉప్పు లేని శుద్ధజలమే, అదీ రోజూ పోయాలి. మొదటి రోజునే నీటిమట్టం దగ్గర గాజు మీద సన్నటి టేపు ముక్క అంటించి, నీటిని ఆ గీత కిందికి ఎన్నడూ జారనివ్వకండి. అంచుల మీద, వైర్ల మీద తెల్లగా పేరుకునే ఉప్పు పొక్కులను తడిగుడ్డతో తుడవాలి. వైరు ప్లగ్గులోకి వెళ్ళే ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలితే, దాని వెంట జారిన నీటి చుక్క అక్కడే రాలిపోతుంది, స్విచ్చు దాకా పోదు.

నీరు సిద్ధమైంది, రాళ్ళు పేర్చారు. ఇప్పుడు చేపలు వేయొచ్చా? "ఈ బ్యాక్టీరియా సీసా పోయండి సార్, రేపే చేపలు వేసుకోవచ్చు" అంటారు దుకాణంలో. ఆ మాట మీద ప్రాణాలను పణం పెట్టకండి. చేప మొప్పల నుంచి, కుళ్ళే మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. సముద్రపు నీరు క్షారం వైపు ఉంటుంది, పీహెచ్ సుమారు 8.1. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపు పాలు పెరుగుతుంది, అందుకే మంచినీటి తొట్టిలో చెల్లే అశ్రద్ధ ఇక్కడ చెల్లదు. అమ్మోనియాను ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా మారిస్తే, నైట్రైటును మరో జాతి నైట్రేటుగా మారుస్తుంది. ఇవి ఎండతో పని లేకుండా ఈ రసాయన చర్య నుంచే శక్తి తీసుకుని బతుకుతాయని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఈ మొదటి పని బ్యాక్టీరియాదేనని పుస్తకాలన్నీ రాశాయి. 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల తొట్టి గులకరాళ్ళ నుంచి శాస్త్రవేత్తలు ఒక జీవిని విడిగా పెంచారు. నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే శాఖకు చెందినది. దాని బంధువులు సముద్రాలంతటా కోట్లాదిగా ఉండి అదే పని చేస్తున్నాయని ఇప్పుడు తెలుసు. అంత పెద్ద సంగతి మొదట దొరికింది అక్వేరియం అడుగున.

ఈ సూక్ష్మజీవులు రాళ్ళ మీద స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేని తొట్టిలో గోరంత పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్ళనివ్వడం పాత పద్ధతి, కొలిచి అమ్మోనియం క్లోరైడు వేయడం ఇప్పటి పద్ధతి. టెస్ట్ కిట్‌లో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని చుక్కలు వేస్తే, అమ్మోనియా లేని నీరు పసుపుగా ఉంటుంది, ఉన్నకొద్దీ పచ్చబడుతుంది. మొదటి వారం ముదురు ఆకుపచ్చ. తర్వాత అది పలచబడుతూ ఉంటే నైట్రైటు గొట్టం లేత నీలం నుంచి వంగపండు రంగుకు తిరుగుతుంది. ఒక సాయంత్రం రెండూ మొదటి రంగులకు వచ్చేస్తాయి. వేసిన అమ్మోనియా 24 గంటల్లో రెండు గొట్టాల్లోనూ కనిపించకుండా పోతే తొట్టి పని నేర్చుకున్నట్టు. మిగిలే నైట్రేటు అంత ప్రమాదకరం కాదు, వారం వారం పదోవంతు నీళ్ళు మార్చితే అదుపులో ఉంటుంది. రాయి గుల్లగా ఉంటే దాని లోపల, ఆక్సిజన్ అందని పొరల్లో, నైట్రేటును నత్రజని వాయువుగా మార్చే బ్యాక్టీరియా కూడా చేరుతుంది. జీవమున్న రాళ్ళు, గాలి బుడగలు, ఎండ ఉంటే తొట్టి తనను తాను శుభ్రం చేసుకోగలదని 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ రాసి చూపించాడు. అప్పటిదాకా ఉప్పునీటి తొట్లలో ఉడకబెట్టి తెల్లగా తోమిన పగడపు అస్థిపంజరాలే అలంకారం.

సూక్ష్మజీవులు స్థిరపడ్డాక తొట్టి వికారంగా తయారవుతుంది. ముందు ఇసుక మీద, గాజు మీద తుప్పు రంగు పొర పరుచుకుంటుంది. అవి సిలికా తిని పెరిగే డయాటమ్‌లు. అవి పోయి పచ్చటి పీచు నాచు వస్తుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి సీసాల కొద్దీ మందులు పోస్తారు. మందులు వద్దు. రాయి మీద చోటు కోసం జరిగే పోటీ అది. రెండు మూడు నత్తలను వదిలి, మేత తగ్గించి, నీళ్ళు మారుస్తూ ఉంటే నెలలు గడిచేసరికి రాళ్ళ మీద గులాబీ, ఊదా మచ్చలు తేలతాయి. కోరలైన్ శైవలం అనే ఆ సున్నపు పొర రాయి మీద పాకితే మీ నీళ్ళలో కాల్షియం, క్షారత సరిగ్గా ఉన్నట్టే.

వెలుతురుకు నీలం ఎక్కువున్న ఎల్‌ఈడీ చాలు. నీటిలో మొదటి కొన్ని మీటర్లలోనే ఎరుపు ఇంకిపోతుంది, లోతుకు చేరేది నీలమే. పగడపు శైవలాలు ఆ నీలానికే అలవాటుపడ్డాయి. ఆ నీలం కింద పగడాల్లో వెలిగే ఎరుపు, ఆకుపచ్చ రంగులు ప్రోటీన్లవి. 1999లో మాస్కో శాస్త్రవేత్తలు అక్వేరియం పగడాల నుంచే ఎర్రగా వెలిగే ప్రోటీన్‌ను వేరు చేశారు. దాని సంతతిని ఇవాళ ప్రపంచమంతటా కణాలకు రంగు గుర్తులు పెట్టడానికి వాడుతున్నారు.

మన ఊళ్ళలో తొట్టికి పెద్ద శత్రువు మే నెల. నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 30 దాటితే కష్టం మొదలవుతుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, అదే సమయంలో చేపలకు ఎక్కువ కావాలి. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను పెడితే ఆవిరి వేడిని లాక్కుపోతుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు పొడి ఎండలో ఈ కిటుకు బాగా పనిచేస్తుంది, విశాఖ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. దానికి డబ్బు లేకపోతే ఉప్పునీటి తొట్టి పెట్టకపోవడమే మంచిదని నా ఉద్దేశం. ఏసీ గదిలో ఇంకో చిక్కు. తలుపులు మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పీహెచ్‌ను దించుతుంది. రోజూ కాసేపు కిటికీ తెరవాలి. కరెంటు పోతే మొదట కొరవడేది ఆక్సిజనే, కాబట్టి లైటు సంగతి ఎలా ఉన్నా నీళ్ళు తిప్పే పంపును ఇన్వర్టర్‌కు కలపండి.

చేపలు చివర. 60 లీటర్లకు ఒక క్లౌన్ చేపల జంట, వీలైతే ఒక చిన్న గోబీ. అంతే. నీలి టాంగ్ చూడడానికి ముద్దుగా ఉంటుంది గానీ అడుగు పొడవు పెరుగుతుంది. మాండరిన్ చేప కదిలే సూక్ష్మ జీవులను రోజంతా ఏరుకు తింటుంది, కొత్త తొట్టిలో ఆకలితో చస్తుంది. ఫిలిప్పీన్స్‌లో 1960లలో మొదలైన సయనైడు వేటలో చేపలను మత్తెక్కించి పట్టేవారు. ఆ విషం చుట్టూ ఉన్న పగడాలనూ చంపుతుంది. అందుకే ప్రతి చేప దగ్గరా హేచరీదా, వేటదా అని అడగాలి. క్లౌన్ చేప విషయంలో హేచరీ చేప దొరక్కపోవడమనే సాకు లేదు. 1970ల మొదట్లోనే ఫ్లోరిడాలో మార్టిన్ మో దాన్ని హేచరీలో పెంచి అమ్మకానికి తెచ్చాడు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజంలో, మండపంలో పలు క్లౌన్ జాతులకు పిల్లలు పెంచే పద్ధతి రూపొందించింది. హేచరీలో పుట్టింది మేతకు త్వరగా అలవాటు పడుతుంది, సముద్రంలో దానికి ఇల్లయిన ఎనిమోన్ లేకపోయినా హాయిగా బతుకుతుంది.

చిన్నవి రెండు కలిపి వదిలితే జంట దానంతటదే కుదురుతుంది. క్లౌన్ చేపల్లో పెత్తనం చేసే పెద్దది ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. నీరు కుదురుగా ఉండి మేత బాగుంటే ఏడాది రెండేళ్ళకు అవి ఒక రాయిని ఎంచుకుని నోటితో శుభ్రం చేయడం మొదలుపెడతాయి. నారింజ రంగు గుడ్లు అతుకుతాయి. మగది వాటి మీద రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్లను ఏరేస్తూ కాపలా కాస్తుంది. రోజులు గడిచేకొద్దీ గుడ్లలో వెండి చుక్కల్లా కళ్ళు మెరుస్తాయి. వారం దాటాక ఒక రాత్రి, లైట్లు ఆరిన గంటా రెండు గంటల్లో పిల్లలు బయటకు వస్తాయి. అవి పొడి మేత తినవు. రోటిఫెర్లనే కంటికి సరిగ్గా ఆనని జీవులు కావాలి, అవి తినడానికి పచ్చటి సూక్ష్మశైవలం కావాలి. రోటిఫెర్లను అప్పటికప్పుడు పెంచడం కుదరదు కాబట్టి, గుడ్లు కనిపించిన రోజునే ఒక సీసాలో ఉప్పునీళ్ళు పోసి, గాలి గొట్టం పెట్టి, వాటి పెంపకం మొదలుపెట్టుకోండి.